ఇసుక కింద నది, మార్స్ మీద వాగు

ఈ రోజు టాపిక్ మార్స్ మీద ఎండిపోయిన నదులు. కానీ మనం ఎక్కువసేపు ఉండబోయేది మార్స్ మీద కాదు, ఈజిప్టు ఎడారిలో. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

ముందు ఒక ప్రశ్న. ఏదో గ్రహం ఫొటోలో వంకరలు తిరిగిన లోయ కనిపించింది. అక్కడ ఒకప్పుడు నీళ్లు పారాయని చెప్పేయొచ్చా? వాట్సాప్‌లో అయితే చెప్పేస్తాం, పది గ్రూపులకి ఫార్వర్డ్ కూడా చేస్తాం. సైన్స్‌లో మాత్రం ఈ ఒక్క ప్రశ్న వందేళ్లకు పైగా నడిచింది.

1877లో ఇటలీలో షియాపరెల్లి అనే ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోప్‌లో మార్స్ మీద సన్నటి గీతలు చూశాడు. వాటికి 'కనాలి' అని పేరు పెట్టాడు. ఇటాలియన్‌లో ఆ మాట సహజంగా ఏర్పడిన పాయలకి కూడా వాడతారు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అది 'కెనాల్స్' అయిపోయింది, అంటే ఎవరో తవ్విన కాలువలు. పర్సివల్ లోవెల్ అనే అమెరికన్ అయితే 1894లో ఆరిజోనాలో సొంతంగా అబ్జర్వేటరీయే కట్టించి, ధ్రువాల మంచు నీళ్లని పొలాలకి తెచ్చుకోడానికి మార్స్ వాళ్లే ఇవి తవ్వుకున్నారన్నాడు. చివరికి తేలిందేంటంటే, ఆ గీతలు అసలు లేనే లేవు. మసకగా కనిపించే మచ్చల్ని కలిపి గీతలు చేసింది మన కళ్లే.

1965లో మారినర్ 4 మార్స్ పక్కనుంచి వెళ్తూ ఇరవై పైచిలుకు ఫొటోలు పంపింది. అన్నీ గుంతలే. అచ్చం చంద్రుడిలా, చచ్చిపోయిన నేల. జనం నీరుగారిపోయారు. తర్వాత 1971 నవంబర్‌లో మారినర్ 9 మార్స్ కక్ష్యలోకి చేరింది. అప్పుడు గ్రహం మొత్తాన్ని దుమ్ము తుఫాను కప్పేసి ఉంది. దుమ్ము దిగాక ఫొటోలు తీస్తే, వందల కిలోమీటర్ల పొడవున ఎండిపోయిన నదుల్లాంటి లోయలు! ఈసారి కళ్ల మోసం కాదు, నిజంగానే ఉన్నాయి.

మరి నీళ్లేనా? ఇక్కడే చిక్కు. మార్స్ గాలి ఒత్తిడి మన భూమి మీద ఉన్నదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. అక్కడ నీళ్లు పోస్తే నిలవవు, గడ్డకడతాయి లేదా ఆవిరైపోతాయి. పైగా అదే 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుడి మీద హ్యాడ్లీ రిల్ అనే లోయ అంచున దిగారు. వంద కిలోమీటర్లకు పైగా పొడవు, పాములా మెలికలు. చూస్తే నదే అనుకుంటారు. కానీ అది లావా పారిన దారి.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు రోజూ ఎదురయ్యే సంగతే ఇది. రెండు ప్రోగ్రాములు ఒకే అవుట్‌పుట్ ఇస్తాయి, లోపల కోడ్ మాత్రం పూర్తిగా వేరు. అవుట్‌పుట్ చూసి కోడ్ చెప్పలేం. అలాగే ఆకారం చూసి కారణం చెప్పలేం. మరి కోడ్ తెరిచి చూడాలంటే? మార్స్‌కి వెళ్లలేరు కాబట్టి, దానికి దగ్గరగా ఉండే చోటు భూమ్మీదే వెతికారు.

ఇక్కడే ఫరూక్ ఎల్-బాజ్ వస్తాడు. ఈజిప్టులో పుట్టిన జియాలజిస్ట్. చంద్రుడి నేలను పైనుంచి ఎలా చూడాలో అపోలో వ్యోమగాములకి నేర్పినాయన. 1978లో ఆయనతో పాటు కొందరు శాస్త్రవేత్తలు ఈజిప్టు నైరుతి మూలన గిల్ఫ్ కబీర్, ఉవైనాత్ అనే చోట్లకి వెళ్లారు. ఏళ్ల తరబడి చినుకు పడని ప్రాంతం. గాలి కోసిన రాళ్లు, ఇసుక, పాత వాగుల గుర్తులు. గాలి ఏం చేస్తుంది, నీరు ఏం చేస్తుంది, రెండూ పక్కపక్కనే చూసి మార్స్ ఫొటోలతో పోల్చడమే పని.

అసలు ట్విస్ట్ 1981 నవంబర్‌లో. కొలంబియా స్పేస్ షటిల్ రెండోసారి ఎగిరింది. ఐదు రోజుల ట్రిప్, ఫ్యూయల్ సెల్ పాడై రెండు రోజులకే దిగిపోయింది. కానీ అందులో ఉన్న రాడార్ అప్పటికే ఈజిప్టు, సూడాన్ సరిహద్దులోని సెలీమా ఇసుక మైదానం మీదుగా వెళ్లింది. మామూలు ఫొటోలో అక్కడ చదునైన ఇసుక తప్ప ఏమీ ఉండదు. రాడార్ ఫొటోలో మాత్రం నదులు! కొన్ని లోయలు దాదాపు నైలు లోయంత వెడల్పు.

ఎలా? ఆ రాడార్ తరంగం పొడవు దాదాపు 24 సెంటీమీటర్లు. ఇసుకలో తడి ఉంటే తరంగం అక్కడే ఆగిపోతుంది. సెలీమా ఇసుక ఎంత పొడిగా ఉందంటే, తరంగం దాన్ని దాటి కింద ఉన్న రాయికి, గులకరాళ్లకి తగిలి తిరిగొచ్చింది. మన ఊళ్లలో ఎండిన ఏట్లో చెలమ తీస్తే కింద నీరు దొరుకుతుంది కదా, ఇక్కడ పైనుంచి చూస్తే కింద నదే దొరికింది.

అయినా వాళ్లు ఫొటో చూసి ఆగిపోలేదు. 1982 సెప్టెంబర్‌లో ఎడారికి వెళ్లి చూసుకున్నారు. కనీసం మీటరు లోతు దాకా రాడార్ చూసిన మాట నిజమే. ఆ పాత వాగుల ఒండ్రులో రాతియుగం పనిముట్లు కూడా ఉన్నాయి. అంటే ఒకప్పుడు అక్కడ నీళ్లు ఉండేవి, ఆ నీళ్ల పక్కన మనుషులు బతికారు. ఆ వాగులే పోయాయి. ఆ శాస్త్రవేత్తల్లో చాలామంది అంతకుముందు మార్స్ కోసం ఎడారుల్ని చదివినవాళ్లే. మార్స్‌ని అర్థం చేసుకోడానికి నేర్చుకున్న చూపు, మన భూమి పోగొట్టుకున్న నదుల్ని పట్టిచ్చింది.

మరి మార్స్ సంగతి? అక్కడా చివరికి తేల్చింది ఆకారం కాదు, గులకరాళ్లు. 2012లో క్యూరియాసిటీ రోవర్ గేల్ క్రేటర్‌లో గుండ్రటి గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన రాతిపొర చూసింది. కొన్ని గోల్ఫ్ బంతి సైజు. అంత రాయిని గాలి దొర్లించుకుంటూ పోలేదు. నీళ్లలో పడి దొర్లితేనే అంచులు అలా అరుగుతాయి. మడమ నుంచి నడుము లోతు మధ్యలో నీళ్లు పారి ఉండాలని లెక్కకట్టారు. 2021లో పర్సెవరెన్స్ దిగిన జెజెరో క్రేటర్‌లో కూడా, నది వచ్చి సరస్సులో కలిసిన చోట ఏర్పడే డెల్టా పొరలు రాళ్లలో కనిపించాయి.

అన్నీ తేలిపోయాయా అంటే లేదు. కొన్ని భారీ లోయల విషయంలో నీళ్లా లావానా అనే వాదన ఇంకా నడుస్తోంది. నడవాలి కూడా. ఎందుకంటే నీళ్లు ఎంతకాలం పారాయన్నదాని మీదే అక్కడ ఎప్పుడైనా జీవం ఉందా అన్న ప్రశ్న ఆధారపడి ఉంది.

కాబట్టి ఈసారి 'మార్స్ మీద నది' అని ఫొటో వస్తే, ఫార్వర్డ్ నొక్కేముందు ఒక్కటి అడగండి: గులకరాళ్లు ఎక్కడ? మీకు తెలిసిన ఎండిపోయిన ఏరు ఏదో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!