బొమ్మ కడుపు కింది సంవత్సరం

పాతబడిన ఊహలను శాస్త్రం దాచిపెట్టుకోదు. కొత్త ఎముక దొరికితే పాత మాటను పుస్తకంలోంచి తీసేస్తుంది, మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరాన్ని విప్పి మళ్ళీ బిగిస్తుంది. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1915లో నిటారుగా, తోక నేలకు ఆనించి నిలబెట్టిన టైరనోసారస్‌ను 1990ల తొలి ఏళ్ళలో విప్పి, వెన్ను నేలకు సమాంతరంగా ఉండేలా తిరిగి కూర్చారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో తరాలపాటు నేలమీద పడి ఉన్న డిప్లోడోకస్ తోక 1993లో పైకి లేచింది. రెండూ చేయాల్సిన దిద్దుబాట్లే. కానీ వాటితోపాటు, మూడు తరాల జనం ఆ జంతువులను ఎలా ఊహించుకున్నారో చెప్పే సాక్ష్యం కూడా ఆ హాళ్ళలోంచి వెళ్ళిపోయింది. ఫొటోలు ఉన్నాయి కదా అనవచ్చు. ఫొటో ఒక వైపే చూపిస్తుంది, అదీ ఎముకల గూటినే. కండ, చర్మం, రంగు, చూపు అన్నీ కలిపి ఒక తరం చేసుకున్న ఊహ, చేత్తో పట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూడగలిగేలా ఎక్కువగా మిగిలింది చిన్న బొమ్మల్లోనే. వాటిని పారేయకుండా దాచినవాళ్ళ అల్మారాలు ఈ కారణం చేత చరిత్రకు ఆధారాలు. చరిత్రపూర్వ జంతువుల బొమ్మలను సేకరించడం పిల్లతనం కాదనీ, ఇంకెవరూ పట్టించుకోని ఒక దఫ్తరాన్ని కాపాడడమనీ నా వాదన.

ఈ బొమ్మలు పుట్టిందే పెద్దవాళ్ళ కోసం. రిచర్డ్ ఓవెన్ 1842లో డైనోసార్లకు ఆ పేరు పెట్టాడు. పన్నెండేళ్ళకు, 1854లో, లండన్ శివారు సిడెన్‌హమ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానం తెరిచేసరికి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ చేసిన నిలువెత్తు ఇగ్వానోడాన్, మెగలోసారస్ విగ్రహాలు అక్కడ నిలబడి ఉన్నాయి. ఓవెన్ సలహా ప్రకారం ఇగ్వానోడాన్‌కు ఖడ్గమృగంలా నాలుగు బలమైన కాళ్ళు, ముక్కు మీద కొమ్ము పెట్టారు. హాకిన్స్ వీటికి చిన్న నమూనాలు కూడా చేశాడు. లండన్‌లో ఖనిజాల వ్యాపారి జేమ్స్ టెనెంట్ వాటిని అమ్మాడు. అమెరికాలో కళాశాలలకు శిలాజాల పోతలు సరఫరా చేసే హెన్రీ వార్డ్ 1866 నాటి తన కేటలాగులో వాటికి చోటిచ్చాడు. అయితే అప్పటికే ఆ రూపం చెల్లిపోవడం మొదలైంది. 1858లో అమెరికాలో జోసెఫ్ లైడీ వర్ణించిన హాడ్రోసారస్‌కు ముందు కాళ్ళు వెనక కాళ్ళకంటే బాగా చిన్నవి. ఇగ్వానోడాన్‌కు దగ్గరి చుట్టమైన ఆ జంతువు ఖడ్గమృగంలా నడిచి ఉండదని తేలింది. 1868లో ఫిలడెల్ఫియాలో ఆ హాడ్రోసారస్ అస్థిపంజరాన్ని రెండు కాళ్ళమీద నిలబెట్టింది మరెవరో కాదు, హాకిన్సే. ఇక 1878లో బెల్జియంలోని బెర్నిసార్ గనిలో ఇగ్వానోడాన్ల పూర్తి అస్థిపంజరాలు దొరికి, ముక్కు మీది కొమ్ము నిజానికి బొటనవేలి ముల్లు అని రూఢి అయింది. ఒకే శిల్పి ఒక రూపానికి చిన్న నమూనా చేసి, పదిహేనేళ్ళు తిరక్కముందే దానికి విరుద్ధమైన రూపాన్ని తన చేత్తోనే నిలబెట్టాడు. మొదటి రూపం మాత్రం ఈలోగా తరగతి గదుల బల్లలకు చేరుతూనే ఉంది. ఏ సంగతి ఎప్పుడు కనుక్కున్నారన్నది పరిశోధన వ్యాసాల్లో దొరుకుతుంది. అది జనానికి ఎంత ఆలస్యంగా అందిందో తెలియాలంటే ఇలాంటి వస్తువులను చూడాలి.

బొమ్మకు మరో గుణం ఉంది. దానికి ఖాళీ వదిలే వీలు లేదు. ప్రాణహిత, గోదావరి లోయలో దొరికిన మన కోటాసారస్‌నే తీసుకోండి. ఆనాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడిన ఎముకలను బట్టి జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. జురాసిక్ యుగపు తొలినాళ్ళ జంతువు, పొడవు దాదాపు 9 మీటర్లు. కనీసం డజను జంతువుల ఎముకలు దొరికాయి, పుర్రె మాత్రం దొరకలేదు, కొన్ని పళ్ళు తప్ప. శాస్త్ర పత్రంలో ఆ మాట రాసి ముందుకు సాగిపోవచ్చు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఆ అస్థిపంజరాన్ని నిలబెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఏదో ఒక తల పెట్టక తప్పలేదు. బొమ్మ చేసేవాడి పని ఇంకా కష్టం. తలతోపాటు కనురెప్ప, పెదవి, పొట్ట జారుడు, వీపు రంగు అన్నీ తేల్చాలి. కాబట్టి ప్రతి బొమ్మా ఆనాటికి తెలిసినదానితో తెలియనిదాన్ని పూరించిన ఒక పూర్తి జవాబు. ఆ పూరణలో శిల్పి తన కాలపు నమ్మకాలను దాచలేడు. డైనోసార్లు మందకొడి బల్లులు అనుకున్న రోజుల్లో వాటికి బూడిదరంగు, బురద రంగు పూశారు. 1969లో జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్‌ను వర్ణించి, చురుకైన డైనోసార్ల ఆలోచనకు తలుపు తెరిచాక, బొమ్మల భంగిమలూ రంగులూ మెల్లగా మారుతూ వచ్చాయి. 2010లో సైనోసారోప్టెరిక్స్ ఈకల శిలాజంలో రంగు కణాల ఆనవాళ్ళు చూసి దాని తోకమీద ఎరుపు గోధుమ చారలు ఉండేవని చెప్పగలిగాక, కనీసం కొన్ని జంతువుల విషయంలో రంగు కూడా ఊహ పరిధి దాటి సాక్ష్యం పరిధిలోకి వచ్చింది.

దీనికి గట్టి ఆక్షేపణే ఉంది. బొమ్మలు శాస్త్రాన్ని చూసి చేసినవి కావు, బొమ్మలను చూసి చేసిన బొమ్మలు, కనుక వాటిని శాస్త్ర చరిత్రకు సాక్ష్యంగా ఎలా తీసుకుంటారు అని. ఇందులో నిజం ఉంది. రుడాల్ఫ్ జాలింగర్ 1943, 1947 మధ్య యేల్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియం గోడమీద 110 అడుగుల పొడవున సరీసృపాల యుగాన్ని చిత్రించాడు. 1953లో లైఫ్ పత్రిక దాని రూపాన్ని ఇంటింటికీ చేర్చింది. మరో రెండేళ్ళకు లూయీ మార్క్స్ కంపెనీ అమ్మిన ప్లాస్టిక్ డైనోసార్లలో ఆ పొట్ట వేలాడే, నిటారుగా నిలబడే టైరనోసారస్సే కనిపిస్తుంది. ఆ తర్వాత ఊరూ పేరూ లేని కంపెనీలు మార్క్స్ బొమ్మలను చూసి మరిన్ని పోశాయి. నేను చెప్పేది ఈ నకళ్ళ వరుసే అసలు సాక్ష్యం అని. తాళపత్ర ప్రతుల్లో ఒక లేఖకుడి పొరపాటు ఏ ఏ ప్రతుల్లోకి పాకిందో చూసి, ఏది దేనికి మూలమో పరిష్కర్తలు తేలుస్తారు. ఇక్కడా తప్పే దారి చూపిస్తుంది. గోడ నుంచి పత్రికకు, పత్రిక నుంచి అచ్చుకు, అచ్చు నుంచి నకిలీ అచ్చుకు ఒక పొట్ట వంపు ఎలా ప్రయాణించిందో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అలా పెట్టి చూడాలంటే ఎవరో ఒకరు అన్నిటినీ దాచి ఉండాలి.

తోక నేలకు ఆనించే భంగిమ అంతకాలం బతకడానికి అజ్ఞానం ఒక్కటే కారణం కాదు. రెండు కాళ్ళ జంతువును ప్లాస్టిక్‌లో నిలబెట్టడం కష్టం. తోక మూడో కాలైతే బొమ్మ పడిపోదు. శాస్త్రం తోకను పైకెత్తించాక తయారీదార్లు పాదాలను ఉండాల్సినదానికంటే పెద్దవి చేశారు, లేదా కింద పీట పెట్టారు. మెత్తటి పీవీసీ కాళ్ళు ఎండాకాలపు వేడికి వంగి బొమ్మ ముందుకు వాలిపోవడం, దాన్ని వేణ్ణీళ్ళలో ముంచి సరిచేసి చన్నీళ్ళలో పెట్టడం సేకర్తలందరికీ తెలిసిన పనే. లీసెస్టర్ దగ్గరి ఇన్‌విక్టా ప్లాస్టిక్స్ 1974 నుంచి బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి చరిత్ర విభాగం పేరుతో తెచ్చిన బొమ్మల్లో టైరనోసారస్ ఇంకా పాత పద్ధతిలోనే నిలబడి ఉంటుంది, డైనోనికస్ వచ్చి ఐదేళ్ళయినా. అయినా ఆ వరుస గొప్పది. దాదాపు అన్నిటినీ 45లో ఒక వంతు కొలతకు చేశారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం పేరుతో సఫారీ కంపెనీ 1988 నుంచి 2015 వరకు అమ్మిన వరుసకు శిల్పి ఫారెస్ట్ రోజర్స్. అక్కడ కొలత 40లో ఒక వంతు. 26 మీటర్ల డిప్లోడోకస్ ఆ లెక్కన 65 సెంటీమీటర్లు, 12 మీటర్ల టైరనోసారస్ 30 సెంటీమీటర్లు. కొలత కుదిరాక బొమ్మ పాఠం అవుతుంది. ఆ రెంటినీ ఒకే బల్లమీద పెట్టిన పిల్లవాడికి, పుస్తకంలోని అంకెలు చెప్పలేని సంగతి కంటికి అందుతుంది. కార్నెగీ వరుసలో టైరనోసారస్‌ను తర్వాత మళ్ళీ కొత్తగా చెక్కించారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంచుకున్నవాడికి, ఆ మధ్యకాలంలో నడకను గురించి జరిగిన చర్చ అంతా ఆ రెండు వెన్నెముకల కోణంలో కనబడుతుంది.

ఇదంతా వ్యాపారం, సినిమా మోజు అని మరో మాట ఉంది. వ్యాపారం ఉన్నమాట నిజమే. సింక్లెయిర్ చమురు కంపెనీ బ్రాంటోసారస్‌ను తన గుర్తు చేసుకుంది. 1964, 65 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో నిలువెత్తు డైనోసార్లను నిలబెట్టి, నాణెం వేస్తే కళ్ళముందే ప్లాస్టిక్ బొమ్మ పోసి ఇచ్చే యంత్రాలు పక్కన పెట్టింది. కానీ ఆ నిలువెత్తు విగ్రహాలను లూయీ పాల్ జోనస్ చేసింది, టైరనోసారస్‌ను తవ్వితీసిన బార్నమ్ బ్రౌన్ సలహాతో. అమ్ముకునేవాడి ఉద్దేశం ఏదైనా, బొమ్మలోకి చేరిన జ్ఞానం ఆనాటి పండితుడిదే. సినిమా విషయంలో నేను అంత ఉదారంగా ఉండలేను. 1993లో జురాసిక్ పార్క్ వచ్చింది. 1996లో చైనాలో ఈకల డైనోసార్ బయటపడింది. 2007లో వెలాసిరాప్టర్ ముంజేతి ఎముకమీదే ఈకల మొదళ్ళ గుర్తులు చూపించారు. అయినా బజారులో వెలాసిరాప్టర్ ఇప్పటికీ పొలుసుల చర్మంతో, అసలు పరిమాణానికి మించి కనిపిస్తుంది. ఇది నష్టమే. ఆ నష్టాన్ని రుజువు చేయాలన్నా ఆ పొలుసుల బొమ్మలే కావాలి.

అందుకే, శాస్త్రం ఒప్పుకోని బొమ్మలను అమ్మేసి, తాజా శిల్పాలనే ఉంచుకునే సేకర్తల తీరు నాకు నచ్చదు. మన ఇళ్ళలో బొమ్మల కొలువుకు ఏటా కొత్తది చేరుతుంది, అమ్మమ్మ నాటి రంగు వెలసిన బొమ్మ మెట్టు దిగిపోదు. ఆ పద్ధతే ఇక్కడా సరైనది. దానికి రాత కూడా తోడవ్వాలి. బొమ్మ కడుపు కింద అచ్చైన సంవత్సరం హక్కుల సంవత్సరం, పోసిన సంవత్సరం కాదు. మార్క్స్ మూతపడిన తర్వాత కూడా దాని అచ్చులతో మళ్ళీ బొమ్మలు పోశారు. పాత ముద్ర ఉన్నంతమాత్రాన వస్తువు పాతది కాదు. ప్లాస్టిక్ రంగు, మెత్తదనం, అతుకు గీతలు, కొన్నచోటు, వచ్చిన పెట్టె, వీటన్నిటినీ చూసి తేల్చుకోవాలి. పేరున్న కంపెనీల బొమ్మలకు ఈ వివరాలు చాలావరకు నమోదయ్యాయి. ప్లాస్టిక్ సంచిలో డజను చొప్పున, చైనా అన్న ఒక్క మాట తప్ప మరే ముద్రా లేకుండా, తిరునాళ్ళలోనూ బస్టాండు కొట్లలోనూ అమ్మిన చవక బొమ్మలకు మాత్రం ఎక్కడా లెక్క లేదు. ఎక్కువమంది పిల్లల చేతుల్లోకి చేరినవి అవే. కాళ్ళు విరిగి చెత్తలోకి ముందుగా వెళ్ళిపోతున్నవీ అవే. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు సంచి విప్పకముందు దాని అట్టమీద కొన్న ఊరు, తేదీ, ధర రాసి, బొమ్మలతోపాటు ఆ అట్టను కూడా దాచాలి.