రిమ్‌ఫైర్ రివాల్వర్ చట్రం: ఉక్కు, అల్యూమినియం

రివాల్వర్‌లో గొట్టాన్ని, తూటాలు నింపి తిప్పే సిలిండర్‌ను, సుత్తి, ట్రిగ్గర్‌లతో కూడిన యంత్రాంగాన్ని ఒకచోట పట్టి ఉంచే భాగాన్ని చట్రం అంటారు. తూటాను రగిలించే రసాయనాన్ని దాని అడుగున మధ్యలో ఉండే ప్రత్యేకమైన టోపీలో కాక, ఇత్తడి తొడుగు అంచు మడతలోనే నింపితే అది రిమ్‌ఫైర్ తూటా. సుత్తి దెబ్బకు ఆ అంచు నలిగి, రసాయనం అంటుకొని, లోపలి మందును వెలిగిస్తుంది. అంచు నలగాలంటే తొడుగు పలుచగా ఉండక తప్పదు, పలుచని తొడుగు ఎక్కువ ఒత్తిడికి ఆగదు. అందువల్ల 19వ శతాబ్దంలో పెద్ద రిమ్‌ఫైర్ తూటాలు కొన్ని వాడుకలో ఉన్నా, కాలక్రమంలో ఈ పద్ధతి ప్రధానంగా .22 అంగుళాల చిన్న తూటాలకు పరిమితమైంది. చట్రానికి ఏ లోహం వాడాలన్న విషయంలో తయారీదారులకు ఇంత స్వేచ్ఛ దొరకడానికి మూలం ఆ తూటా చిన్నతనమే.

ఫ్రాన్సులో ఫ్లోబేర్ 1845 ప్రాంతంలో రూపొందించిన చిన్న తూటాను ఆధారం చేసుకొని అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ సంస్థ 1857లో తన మొదటి రివాల్వర్‌ను విడుదల చేసింది. దాని చట్రం ఇత్తడిది. నల్లమందు నింపిన ఆ తూటా పుట్టించే ఒత్తిడికి ఇత్తడి సరిపోయింది. 1868లో వచ్చిన మూడవ రూపంలో మాత్రం సంస్థ ఇనుముకు మారింది. 1887లో స్టీవెన్స్ సంస్థ .22 లాంగ్ రైఫిల్ తూటాను ప్రవేశపెట్టడం, ఆ తరువాత పొగరాని మందు వ్యాపించడం చట్రాలలో ఉక్కు స్థానాన్ని స్థిరపరచాయి. 1931 నాటి కె-22 వంటి గురిపోటీ రివాల్వర్లైనా, వేటగాళ్లూ చేపలు పట్టేవారూ సామాను సంచిలో వేసుకోవడానికి 1930ల మధ్యలో వచ్చిన ‘కిట్ గన్’ అయినా ఉక్కుతోనే తయారయ్యాయి.

అప్పటికి అల్యూమినియం అందుబాటులో లేకపోలేదు. 1886లో విద్యుద్విశ్లేషణ పద్ధతి కనుగొన్నాక దాని ధర పడిపోయింది, అయితే శుద్ధ అల్యూమినియం మెత్తనిది. రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి హఠాత్తుగా చల్లార్చి, కొన్నాళ్లు అలా ఉంచితే అది దానంతటదే గట్టిపడుతుందని జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో గుర్తించాడు. జింకు కలిపిన మరింత బలమైన మిశ్రమాలు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వచ్చాయి. యుద్ధం ముగిశాక ఆ పరిజ్ఞానం తుపాకుల కర్మాగారాలకు చేరింది.

మొదటి ప్రయోగాలు రిమ్‌ఫైర్‌లో జరగలేదు. కోల్ట్ సంస్థ 1950లోనూ, స్మిత్ అండ్ వెసన్ 1952లోనూ .38 స్పెషల్ తూటాకు అల్యూమినియం చట్రాల రివాల్వర్లను తెచ్చాయి. అమెరికా వైమానిక దళం విమాన సిబ్బంది కోసం సిలిండర్‌ను కూడా అల్యూమినియంతోనే చేయించుకోగా, ఆ సిలిండర్లు ఒత్తిడికి ఆగకపోవడంతో వాటికై తక్కువ శక్తిగల ప్రత్యేక తూటాను తయారు చేయవలసి వచ్చింది, చివరకు ఆ రివాల్వర్లలో చాలావాటిని ధ్వంసం చేశారు. చట్రం తేలికైనా సిలిండర్ ఉక్కుదే కావాలన్నది .38 విషయంలో అప్పట్లో స్థిరపడిన నియమం.

.22కు ఆ నియమం వర్తించలేదు. అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం .22 లాంగ్ రైఫిల్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 24,000 పౌన్లు, .38 స్పెషల్‌ది 17,000 పౌన్లు మాత్రమే కావడం చూస్తే ఇది విపరీతంగా తోచవచ్చు. చట్రం మీద పడేది ఒత్తిడి ఒక్కటే కాదు, ఒత్తిడిని తూటా లోపలి అడుగు వైశాల్యంతో గుణిస్తే వచ్చే వెనుకతోపు; .22లో ఆ వైశాల్యం మూడింట ఒక వంతు ఉండడం వల్ల తోపు సుమారు సగానికి తగ్గుతుంది, సన్నని అరల మధ్య సిలిండర్‌లో లోహం కూడా మందంగా మిగులుతుంది. ఈ ధైర్యంతోనే 1955లో స్మిత్ అండ్ వెసన్ చట్రమూ సిలిండరూ రెండూ అల్యూమినియంతో చేసి, 400 గ్రాముల బరువున్న కిట్ గన్‌ను విడుదల చేసింది. అదే సంవత్సరం హై స్టాండర్డ్ సంస్థ హ్యారీ సెఫ్రీడ్ రూపొందించిన తొమ్మిది తూటాల ‘సెంటినెల్’ను తక్కువ ధరకు తెచ్చింది, అల్యూమినియానికి రంగు వేయడం సులువు కావడంతో అందులో గులాబీ రంగువి కూడా అమ్మింది. రూగర్ సంస్థ తేలికపాటి సింగిల్-సిక్స్‌నూ, 1958లో సుమారు 480 గ్రాముల బేర్‌క్యాట్‌నూ జతచేసింది.

ఉక్కు సాంద్రతలో అల్యూమినియానిది మూడోవంతే, బిగువు కూడా దాదాపు మూడోవంతే. అంతకన్నా ముఖ్యమైన తేడా లోహపు అలసటది: ఒక హద్దుకు లోబడిన ఒత్తిడిని ఉక్కు ఎన్నిసార్లయినా ఓర్చుకుంటుంది, అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు. అయినా .22లో చట్రం అలసి విరిగేదాకా కాల్చేవారు అరుదు. వాస్తవంలో కనిపించే నష్టాలు వేరు. గొట్టాన్ని చట్రంలోకి మరీ బిగించినప్పుడు మరల కింది పలుచని భాగం బీటలువారుతుంది. సిలిండర్ రాసుకునే చోట్ల అరుగుదల వస్తుంది. ఉపరితలాన్ని విద్యుత్తుతో గట్టిపరిచే యానోడీకరణ అరుగుదలను ఆలస్యం చేస్తుంది తప్ప ఆపదు.

1970లలో గాలి తిరిగి ఉక్కు వైపు వీచింది. బేర్‌క్యాట్ 1971లో ఉక్కు చట్రానికి మారింది, సెంటినెల్ వారసులు 1974లో అదే బాట పట్టాయి, 1977లో స్మిత్ అండ్ వెసన్ తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కుతో కిట్ గన్‌ను తెచ్చి అల్యూమినియానికున్న మరో అనుకూలతను లాగేసుకుంది. దీనికి మన్నికను మాత్రమే కారణంగా చెప్పడం అసంపూర్ణం. అంచును నలపడానికి బలమైన దెబ్బ కావాలి గనుక రిమ్‌ఫైర్ రివాల్వర్ ట్రిగ్గర్‌ను సుత్తి ఎత్తకుండా నేరుగా లాగాలంటే సాధారణంగా ఎక్కువ బలం పెట్టాలి. ఆయుధం బరువుకు ఎన్నో రెట్ల బలంతో వేలు లాగుతున్నప్పుడు తేలిక రివాల్వర్ చేతిలో కదిలిపోతుంది. .22లో వెనుకదెబ్బ స్వల్పం కాబట్టి, ఉక్కు బరువు కాల్చేవారికి చేసే ప్రధాన మేలు దెబ్బను తగ్గించడం కాదు, గురిని నిలపడం.

అందుకే తరువాతి కాలంలో ఉపయోగాన్ని బట్టి దారులు విడిపోయాయి. గురి సాధనకు ఉద్దేశించిన స్మిత్ అండ్ వెసన్ స్టెయిన్‌లెస్ 617 రకం, పొడవు గొట్టంతో, కిలోకు పైగా తూగుతుంది. 1997లో అదే సంస్థ తెచ్చిన 317 రకంలో చట్రం, సిలిండర్ అల్యూమినియం, గొట్టం లోపలి పొర మాత్రం ఉక్కు. పొట్టిగొట్టం నమూనా సుమారు 300 గ్రాములు. 2019లో రూగర్ విడుదల చేసిన ‘రాంగ్లర్’లో అల్యూమినియం చట్రం ఉన్నా బరువు 850 గ్రాములు: ఇక్కడ అల్యూమినియాన్ని ఎంచుకున్నది తేలిక కోసం కాదు, ధర కోసం.

భారతదేశంలో ఈ ఎంపిక చాలాకాలం కాగితం మీదిదే, ఎందుకంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు పొందినవారు కొనగల దేశీయ రివాల్వర్లలో ప్రధానమైనవి .32 సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో టోపీ ఉండే తూటా) రకాలు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం 2010లలో రూపొందించిన .22 ‘నిడర్’, తేలిక మిశ్రమలోహంతో సుమారు 250 గ్రాములకు దిగి, ఆ దారిలో తొలి అడుగుల్లో ఒకటైంది; చేతిసంచిలో పట్టడమే దాని ఉద్దేశం కావడంతో అందులో ఉక్కు బరువుకు చోటు దక్కలేదు.