కణమరణాన్ని ఆపే ప్రోటీన్: పీ35 చరిత్ర

వైరస్ సోకిన కణం తనను తానే తునకలు చేసుకుని చనిపోవడాన్ని అపోప్టోసిస్ అంటారు. పొరుగు కణాలను కాపాడే ఈ ఏర్పాటును పురుగులకు సోకే బాక్యులోవైరస్ పీ35 అనే ప్రోటీన్‌తో అడ్డుకుంటుందని 1991లో అమెరికాలో రోలీ క్లెమ్, లోయిస్ మిల్లర్ బృందం నిరూపించింది. పీ35 జన్యువు చెడిన వైరస్ సోకగానే గొంగళిపురుగు కణాల పైపొర బుడగలుగా ఉబ్బి, కణమంతా చిన్న చిన్న ముక్కలుగా విడిపోయింది.

కణాన్ని లోపలినుంచి కోసే ఎంజైములైన కాస్పేజ్‌లు పీ35ను 87వ అమైనో ఆమ్లం దగ్గర తెంచుతాయి గాని, తెగిన ప్రోటీన్ ఆ ఎంజైమును వదలక పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. ఇంత చతురమైన ఎత్తు వైరస్‌లలోనూ అరుదే. ఈ జన్యువును ఈ.కోలై బాక్టీరియాలో చొప్పించి తయారుచేసే రీకాంబినెంట్ పీ35, ఒక కణం చావుకు కాస్పేజ్‌లే కారణమా అని తేల్చుకోవడానికి ప్రయోగశాలల్లో పనిముట్టయింది.

తెలుగు రైతుకు బాక్యులోవైరస్ అంటే పట్టుపురుగు ఒళ్లు ఉబ్బి, పాలవంటి ద్రవం కారి చచ్చే గ్రాసరీ జబ్బు. హైదరాబాద్ నాంపల్లిలో అప్పట్లో ఉన్న డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం, హిందూపురం పట్టు పరిశోధన సంస్థతో కలిసి, వైరస్‌కు అత్యవసరమైన పలు జన్యువుల నోరు నొక్కే పట్టుపురుగులను రూపొందించింది. మన నేల అవసరంలోంచి పుట్టిన ఈ కృషికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. నాగరాజు 2012 చివర కన్నుమూశారు. ఆ పరిశోధన పత్రం 2013లో వెలువడింది.