నేరశాస్త్రము కళాశాలకు వచ్చిన తీరు

నేరస్థుని పట్టుట లాఠీ పని యని లోకము తలంచుచుండిన కాలమున, దానికి చదువు కావలెనన్నవారిలో ఆగస్ట్ వోల్మర్ ఒకడు. ఈయన 1905లో అమెరికాలోని బెర్క్‌లీ పట్టణమునకు మార్షలయ్యెను. తాను కళాశాలలో చదివినవాడు కాడు! అయినను 1908లో తన పోలీసులకొక బడి పెట్టెను. 1916లో న్యాయశాస్త్రాచార్యుడు అలెగ్జాండర్ కిడ్‌తో కలిసి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున వేసవి పాఠములు ఆరంభించెను.

నేరము ఏ ఒక్క శాస్త్రమునకును సొత్తు కాదు. విషము రసాయనశాస్త్రజ్ఞునిది, తుపాకిగుండు భౌతికశాస్త్రజ్ఞునిది, సాక్షి మనస్సు మనశ్శాస్త్రజ్ఞునిది. అందుచేతనే వేరొక విషయమును ప్రధానముగా చదువువారికి ఇది ఉపవిషయముగా చక్కగా అమరును. మన దేశమున సాగర్ విశ్వవిద్యాలయము 1959లో దీనికొక శాఖ నెలకొల్పెను.

చదువుకొన్న పోలీసు ఏమి చేయగలడు? వోల్మర్ దళములోని జాన్ లార్సన్ శరీరధర్మశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాడు. 1921లో ఆయన రక్తపుపోటును, శ్వాసను ఒకేసారి కాగితముపై గీయు యంత్రమును కూర్చెను. జనులు దానిని అబద్ధములు పట్టు యంత్రమనిరి. కాని అది గీయునది అబద్ధమును కాదు, దేహములోని కలవరమును. నిర్దోషి మాత్రము కలవరపడడా? చేయని తప్పునకు పేరు పిలువగానే చెమటలు పట్టిన బాలుని చూడని ఉపాధ్యాయుడుండడు. కొంతకాలమునకు లార్సనే ఆ యంత్రమును వాడుచున్న తీరును నిరసించెను. సమ్మతి లేనిదే ఎవరికిని ఈ పరీక్ష చేయరాదనియు, సమ్మతించినను దాని ఫలితము తనంతట సాక్ష్యము కాజాలదనియు 2010లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.