వర్టస్ జీటీ, స్లావియాకు కొత్త అలాయ్స్ వేయిస్తున్నారా? షాపుకెళ్లే ముందు ఈ లెక్కలు చూసుకోండి

కారు కొన్న కొన్నాళ్లకే చాలామందికి మొదట వచ్చే ఆలోచన.. అలాయ్ వీల్స్ మార్చేద్దామా అని. 17 అంగుళాలో, 18 అంగుళాలో వేస్తే కారు లుక్కే మారిపోతుంది. నిజమే. కానీ చక్రం అనేది స్టిక్కర్ లాంటిది కాదు. బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్.. అన్నీ చివరికి రోడ్డును తాకేది దాని మీదుగానే. సైజు తప్పినా, బోల్టు తప్పినా నష్టపోయేది డబ్బు మాత్రమే కాదు. కారులో కూర్చున్న వాళ్ల ప్రాణాలకే రిస్క్.

2022లో మన మార్కెట్‌లోకి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, స్కోడా స్లావియా 1.5 టీఎస్‌ఐ కార్లను ఉదాహరణగా తీసుకుందాం. రెండింటిలోనూ ఒకటే ఇంజిన్. 150 పీఎస్ పవర్, 250 ఎన్‌ఎం టార్క్. హైవే ఎక్కితే స్పీడు ఇట్టే అందుకుంటాయి. అందుకే వీటికి చక్రాలు ఎంచుకునేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి.

ముందు ఈ నాలుగు నంబర్లు తెలియాలి

పీసీడీ: బోల్టు రంధ్రాలన్నీ ఒక వలయం మీద ఉంటాయి. ఆ వలయం వ్యాసమే పీసీడీ. వర్టస్, స్లావియాలకు ఇది 5×100. అంటే 5 బోల్టులు, 100 ఎంఎం వలయం. ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230, 245లకు 5×112. హోండా సివిక్‌కు 5×114.3. చూడ్డానికి అన్నింటికీ ఐదు రంధ్రాలే కనిపిస్తాయి. కానీ ఒకదాని చక్రం ఇంకోదానికి పట్టదు. 5×100 డిజైన్లు మార్కెట్‌లో తక్కువగా దొరుకుతాయి. అందుకే కొన్ని షాపుల్లో ‘అడ్జస్ట్ చేసేస్తాం సార్’ అంటుంటారు. రంధ్రాన్ని సాగదీయడం, కొత్త రంధ్రాలు వేయడం లాంటి పనులకు అస్సలు ఒప్పుకోవద్దు.

సెంటర్ బోర్: చక్రం మధ్యలో ఉండే పెద్ద రంధ్రం ఇది. ఈ కార్ల హబ్ సైజు 57.1 ఎంఎం. బయట దొరికే అలాయ్స్‌లో చాలావాటికి బోర్ పెద్దదిగా, ఉదాహరణకు 73.1 ఎంఎం ఉంటుంది. అప్పుడు మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని నింపడానికి హబ్ సెంట్రిక్ రింగులు వేయాలి. లేదంటే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా హైవేపై స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు.

వెడల్పు: 6.5జె, 7జె, 7.5జె అని రిమ్ మీదే రాసి ఉంటుంది. ఇది అంగుళాల్లో లెక్క. టైరు వెడల్పు దీనికి సరిపోవాలి. 205/50 ఆర్17 టైరు 5.5 నుంచి 7.5 అంగుళాల రిమ్‌కు పడుతుంది. 225/45 ఆర్17కు 7 నుంచి 8.5 అంగుళాల రిమ్ కావాలి.

ఆఫ్‌సెట్: ‘ఈటీ’ అని ముద్రించి ఉండేది ఇదే. రిమ్ సరిగ్గా మధ్య గీత నుంచి, హబ్‌కు ఆనుకునే భాగం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఇది చెబుతుంది. ఈ నంబర్ తగ్గే కొద్దీ చక్రం బయటికి వస్తుంది.

వెడల్పు, ఆఫ్‌సెట్ కలిపి చూడాలి

లెక్క కోసం 6.5జె, ఈటీ 40 చక్రం తీసేసి 7.5జె, ఈటీ 35 వేశారనుకుందాం. వెడల్పు ఒక అంగుళం పెరిగింది. అంటే అటూ ఇటూ 12.7 ఎంఎం చొప్పున. ఆఫ్‌సెట్ 5 ఎంఎం తగ్గింది. కాబట్టి బయటి అంచు 12.7కు 5 కలిపి 17.7 ఎంఎం ముందుకు వస్తుంది. లోపలి అంచు 12.7లోంచి 5 తీసేస్తే 7.7 ఎంఎం సస్పెన్షన్ వైపు జరుగుతుంది.

అందుకే బయట ఫెండర్ దగ్గర, లోపల స్ట్రట్ దగ్గర ఎంత ఖాళీ ఉందో ముందే కొలవాలి. ఖాళీ కారులో ఏమీ తగలకపోవచ్చు. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో లగేజీ పెట్టి స్పీడ్ బ్రేకర్ దాటితే అప్పుడు టైరు ఫెండర్‌కు ఒరుసుకుంటుంది. అలా ఒరుసుకుంటూ పోతే టైరు కోసుకుపోయి హైవేపైనే పేలిపోయే ప్రమాదం ఉంది.

టైరు ఎత్తు మారకుండా చూసుకోండి

ఈ కార్లకు కంపెనీ ఇచ్చే సైజు 205/55 ఆర్16. దీని మొత్తం ఎత్తు దాదాపు 632 ఎంఎం. రిమ్ పెద్దది చేసినప్పుడు టైరు గోడ తగ్గించి, మొత్తం ఎత్తును దీనికి దగ్గరగా ఉంచాలి. ఎలా లెక్కేస్తారంటే.. 205లో 55 శాతం అంటే 112.75 ఎంఎం. పైనా కిందా కలిపి 225.5. దానికి 16 అంగుళాల రిమ్, అంటే 406.4 ఎంఎం కలపాలి.

ఇదే లెక్కలో మిగతా సైజులు ఇలా వస్తాయి..

205/50 ఆర్17: దాదాపు 637 ఎంఎం. తేడా 0.8 శాతం.

225/45 ఆర్17: దాదాపు 634 ఎంఎం. తేడా 0.4 శాతం.

215/50 ఆర్17: దాదాపు 647 ఎంఎం. తేడా 2.4 శాతం.

225/40 ఆర్18: దాదాపు 637 ఎంఎం. తేడా 0.8 శాతం.

తేడా ఎంత తక్కువైతే అంత మంచిది. 215/50 ఆర్17 వేస్తే, పాత సైజుతో అసలు వేగం 100 ఉండే చోట కారు 102.4 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. మీటర్‌లో మాత్రం అంకె మారదు. స్పీడ్ కెమెరాకు ఆ సంగతి తెలియదు.

18 అంగుళాలు వద్దా?

మొత్తం ఎత్తు ఒకటే అయినా, టైరు గోడ ఎంత మిగులుతుందన్నదే అసలు ప్రశ్న. 205/55 ఆర్16లో గోడ దాదాపు 113 ఎంఎం. 205/50 ఆర్17లో 102. 225/40 ఆర్18కు వచ్చేసరికి 90 మాత్రమే. వానాకాలంలో నీళ్లు నిండిన గుంతలో పడితే ఆ దెబ్బను తీసుకునేది ఈ గోడే. అది పలచబడితే దెబ్బ నేరుగా రిమ్‌కు తగులుతుంది. రిమ్ వంగుతుంది, లేదా పగులుతుంది. టైరు పక్కన ఉబ్బు వస్తే ఆ టైరు ఇక పనికిరాదు.

బరువు సంగతి కూడా మర్చిపోవద్దు. చౌకగా దొరికే పెద్ద రిములు బరువుగా ఉంటాయి. చక్రం బరువెక్కితే పికప్, మైలేజ్ తగ్గుతాయి, గతుకులు ఎక్కువగా తెలుస్తాయి. పోత పోసిన అలాయ్స్ చౌక. ఫ్లో ఫార్మ్‌డ్ రకం వాటికన్నా తేలిక, గట్టిది. ఫోర్జ్‌డ్ అన్నిటికన్నా దృఢం, ధర కూడా అన్నిటికన్నా ఎక్కువ. రోజూ ఆఫీసుకు, నెలకోసారి ఊరికి తిరిగే కారుకు 17 అంగుళాల మంచి రిమ్ చాలు.

రిమ్ లోపలి వైపు చూడండి

కొనే ముందు రిమ్ వెనక తిప్పి చూడాలి. సైజు, ఆఫ్‌సెట్, ఎంత బరువు మోయగలదన్న అంకె ముద్రించి ఉండాలి. ఐఎస్‌ఐ మార్కు, జపాన్ ప్రమాణాలను సూచించే జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు ఉన్నాయేమో చూడాలి. ఏ ముద్రా లేని రిమ్ ఎంత తళతళలాడినా పక్కన పెట్టేయడమే మంచిది. వెల్డింగ్ చేసి రంగేసిన సెకండ్ హ్యాండ్ రిమ్ జోలికి అసలే వెళ్లొద్దు.

టైరుపై లోడ్ ఇండెక్స్ కూడా ముఖ్యమే. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. 87 అంటే 545 కిలోలే. కంపెనీ ఇచ్చిన అంకె కంటే కిందికి దిగొద్దు.

బోల్టు దగ్గరే అసలు ప్రమాదం

ఇక్కడే ఎక్కువ మంది పొరపాటు పడతారు. ఈ కార్లకు నట్లు ఉండవు, బోల్టులే ఉంటాయి. కంపెనీ బోల్టు తల కింద భాగం గుండ్రంగా, బంతిలా ఉంటుంది. బయటి అలాయ్స్‌లో ఎక్కువ వాటికి 60 డిగ్రీల శంఖాకార బోల్టు కావాలి. గుండ్రటి బోల్టును శంఖాకార రంధ్రంలో బిగిస్తే గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. కానీ అది సన్నని గీత మీదే ఆనుకుంటుంది. కొన్ని రోజులకే వదులవుతుంది. నడుస్తున్న కారు నుంచి చక్రం ఊడిపోయే దాకా కూడా వెళ్లొచ్చు. కాబట్టి రిమ్‌తో పాటు సరైన 20 బోల్టులూ కొనాల్సిందే. మర సైజు ఎం14×1.5. పొడవు కూడా సరిపోవాలి. చేత్తో తిప్పితే కనీసం ఏడున్నర చుట్లు లోపలికి వెళ్లాలి.

ఇంకో విషయం. కొత్త బోల్టులు పాత స్టెప్నీకి పట్టవు. అందుకే కంపెనీ బోల్టులు ఒక ఐదు డిక్కీలోనే ఉంచుకోండి. అర్ధరాత్రి హైవేపై పంక్చర్ అయినప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి

హబ్‌పై తుప్పు, మట్టి ఉంటే బ్రష్‌తో శుభ్రం చేయించాలి. బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పాలి. మరలకు నూనె, గ్రీజు రాయకూడదు. వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి చొప్పున బిగించాలి. ఎయిర్ గన్‌తో దడదడలాడించి వదిలేస్తే ఒప్పుకోవద్దు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో 120 ఎన్‌ఎంకు చేయించాలి. తర్వాత బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ తప్పనిసరి. స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడాలి. గాలి ఒత్తిడి సరిచేశాక కారులోని టైర్ ప్రెషర్ వార్నింగ్‌ను రీసెట్ చేయాలి.

80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ చెక్ చేయించుకోవడం మర్చిపోవద్దు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అనుమతి లేని మార్పులకు సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. టైరు ఫెండర్ దాటి బయటికి వస్తే ఎవరి కంటైనా ఇట్టే పడుతుంది. కంపెనీ సైజుకు దగ్గరగా ఉండటమే సేఫ్. మార్చాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే యాక్సిడెంట్ క్లెయిమ్ సమయంలో అదే అడ్డం తిరగొచ్చు.

పాత చక్రాలు అమ్మేయొద్దు. కారు అమ్మే రోజున అడిగేది వాటినే. షాపుకెళ్లే ముందు ఫోన్‌లో ఈ నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి: 5×100, 57.1, ఎం14×1.5, 120 ఎన్‌ఎం. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా రిమ్ ఎంత నచ్చినా సరే.. వెనక్కి తిరిగి వచ్చేయండి.