ఒకే బ్రౌజర్‌కు కట్టుబడిన దేశం: దక్షిణ కొరియా డిజిటల్ ధ్రువపత్రాల చరిత్ర

వెబ్‌సైటును తెరవబోయే ప్రతి బ్రౌజర్ ముందుగా తన పేరునూ, తన వెర్షన్ సంఖ్యనూ, తాను నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ పేరునూ ఒక చిన్న పంక్తిలో సర్వర్‌కు తెలియజేస్తుంది. యూజర్ ఏజెంట్ అని పిలిచే ఈ పంక్తిని చదివి, తమకు అలవాటు లేని బ్రౌజర్‌ను గుమ్మంలోనే నిలిపివేసే పద్ధతి 1990ల మధ్యకాలం నుంచి వెబ్‌లో కనిపిస్తుంది. చాలా దేశాల్లో అది ఆయా సైట్ల నిర్మాతల ఇష్టానికో, ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచనకో పరిమితమై ఉండగా, దక్షిణ కొరియాలో మాత్రం చట్టం అండతోనూ ఆర్థిక నిబంధనల బలంతోనూ వేళ్లూనుకుని, దేశంలోని బ్యాంకింగ్, వాణిజ్య, ప్రభుత్వ సేవలను ఏళ్ల తరబడి మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు కట్టిపడేసింది.

ఈ పరిస్థితికి మూలం కొరియాలో కాక అమెరికా ఎగుమతి విధానంలో ఉంది. ఎన్‌క్రిప్షన్, అంటే సందేశాన్ని తాళంచెవి వంటి ఒక రహస్య సంఖ్య సాయంతో ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే విద్య, ఆ రోజుల్లో అమెరికా దృష్టిలో యుద్ధసామగ్రితో సమానం కావడంతో, బలమైన ఎన్‌క్రిప్షన్ గల సాఫ్ట్‌వేర్‌ను విదేశాలకు పంపడంపై ఆంక్షలుండేవి. ఫలితంగా నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ల ఎగుమతి వెర్షన్లలో ఆ రహస్య సంఖ్య పొడవును 40 బిట్లకు కుదించారు. ఒక్కో బిట్ పెరిగితే సంఖ్యను ఊహించి కనిపెట్టడానికి పట్టే శ్రమ రెట్టింపవుతుంది కాబట్టి 40 బిట్లకూ, అమెరికాలో వాడుకలో ఉన్న 128 బిట్లకూ మధ్య తేడా అపారమైనది. 1995 ఆగస్టులో ఫ్రాన్సులోని ఒక పరిశోధకుడు నూరుకు పైగా కంప్యూటర్లను పనిలో పెట్టి, 40 బిట్ల రక్షణ గల నెట్‌స్కేప్ సందేశాన్ని ఎనిమిది రోజుల్లో ఛేదించి చూపించాడు. అటువంటి బ్రౌజర్‌ను నమ్మి ప్రజల డబ్బును ఇంటర్నెట్‌లోకి తేవడానికి ఏ బాధ్యతగల ప్రభుత్వమూ సాహసించదు.

కొరియా సమాచార భద్రతా సంస్థ 1998లో సీడ్ అనే 128 బిట్ల ఎన్‌క్రిప్షన్ పద్ధతిని స్వదేశంలోనే రూపొందించగా, 1999లో వచ్చిన డిజిటల్ సంతకాల చట్టం, ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలు జారీచేసే ధ్రువపత్రంతో పెట్టిన డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ కల్పించింది. ఒక చిన్న దేశం తన పౌరుల లావాదేవీలను మరో దేశపు ఎగుమతి విధానం దయకు వదిలేయకుండా సొంత కాళ్లపై నిలబడాలని చేసిన ఈ ప్రయత్నం నిజంగా మెచ్చదగినది. చిక్కంతా అమలులో వచ్చింది. విదేశీ బ్రౌజర్లలో సీడ్ లేదు కాబట్టి, దానినీ ధ్రువపత్రపు సంతకాన్నీ బ్రౌజర్‌కు అదనంగా చేర్చే ప్లగిన్‌ల రూపంలో అందించవలసి వచ్చింది. తొలినాళ్లలో నెట్‌స్కేప్‌కూ ఇవి తయారైనా, బ్రౌజర్ల పోటీలో నెట్‌స్కేప్ ఓడిపోయి వాడుకదారులు తగ్గిపోయేసరికి, వెబ్‌పేజీ నుంచి నేరుగా విండోస్ కంప్యూటర్‌లోకి దిగి పనిచేసే యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతి ఒక్కటే మిగిలింది. దీనికి కీబోర్డు మీద నొక్కిన అక్షరాలను కాపాడే ప్రోగ్రామూ, ఫైర్‌వాల్ ప్రోగ్రామూ తోడయ్యాయి. అవన్నీ స్థాపించుకుంటే తప్ప బ్యాంకు పేజీ తెరుచుకునేది కాదు. మాక్, లినక్స్ వాడేవారు బ్యాంకు పనికోసమే వేరుగా ఒక విండోస్ కంప్యూటర్‌ను దగ్గర పెట్టుకోవలసి వచ్చేది.

అమెరికా 2000 జనవరిలో తన ఆంక్షలను బాగా సడలించడంతో అన్ని బ్రౌజర్లలోనూ 128 బిట్ల ఎన్‌క్రిప్షన్ సాధారణమైపోయింది. సురక్షిత వెబ్ సంభాషణకు ఆధారమైన టీఎల్‌ఎస్ ప్రమాణంలో 2005 నాటికి సీడ్‌కు కూడా చోటు దొరికింది. ప్లగిన్ అవసరాన్ని కల్పించిన కారణం అలా తొలగిపోయినా, ధ్రువపత్రం తప్పనిసరి అన్న నిబంధన కదలలేదు. ఎందుకంటే అప్పటికి ధ్రువపత్రాలు జారీచేసే సంస్థలు, భద్రతా ప్రోగ్రాములు అమ్మే కంపెనీలు, నిబంధన పాటించామని చూపితే తమ బాధ్యత తీరిపోతుందనుకునే బ్యాంకులు ఆ ఏర్పాటు చుట్టూ స్థిరపడ్డాయి. ఇంతకంటే పెద్ద హాని మరొకటి జరిగింది. ఏ సైటు ఏ ప్రోగ్రామును స్థాపించుకోమన్నా ఆలోచించకుండా అంగీకరించే అలవాటు ఒక తరానికంతటికీ పట్టుబడింది. భద్రత పేరుతో వచ్చిన ఏర్పాటే భద్రతకు అవసరమైన జాగ్రత్తను చంపివేసిందన్న విమర్శకుల మాటలో అతిశయోక్తి లేదు. 2007 ఆరంభంలో యాక్టివ్‌ఎక్స్‌పై కట్టుదిట్టమైన నియంత్రణలతో విండోస్ విస్టా విడుదలైనప్పుడు కొరియా బ్యాంకుల సైట్లు పనిచేయకుండా పోయే పరిస్థితి ఏర్పడి, తొందరపడి కొత్త విండోస్‌కు మారవద్దని ప్రభుత్వమే ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది.

కొరియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడైన కిమ్ కీచాంగ్ ఓపెన్‌వెబ్ అనే ఉద్యమాన్ని నిర్మించి, ఇతర బ్రౌజర్లు వాడేవారికీ ధ్రువపత్రాలు అందేలా చేయాలని కోరుతూ, వాటిని జారీచేసే సంస్థల్లో ఒకటైన కేఎఫ్‌టీసీపై 2007లో దావా వేశాడు. 2009లో సుప్రీంకోర్టులో సైతం ఆ దావా ఓడిపోయింది. వాడుకదారుల సంఖ్య తక్కువైనంత మాత్రాన పౌరుడి హక్కు తగ్గదన్న ఆయన వాదన వ్యాజ్యం గెలవకపోయినా చర్చను మార్చింది. బ్రౌజర్ ఎంపిక కొద్దిమంది సాంకేతిక నిపుణుల ఫిర్యాదుగా మిగిలిపోకుండా పౌర సమానత్వ సమస్యగా రూపు దాల్చింది ఈ ఉద్యమం వల్లనే.

ఇటువంటి బంధనం తెలుగువారికి కొత్త కాదు. యూనికోడ్ వ్యాపించకముందు పలు తెలుగు పత్రికల సైట్లు ఎవరికి వారు ఏర్పరచుకున్న ఫాంటు సంకేతాలతో వార్తలు ప్రచురించి, ఆ ఫాంట్లను పాఠకుడి తెరకు చేరవేయడానికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని డైనమిక్ ఫాంట్ల సౌకర్యంపై ఆధారపడినందువల్ల, ఫైర్‌ఫాక్స్‌లో వాటిని తెరిచినవారికి తెలుగుకు బదులు పొంతనలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపించేవి. ఔత్సాహికులు పద్మ అనే పొడిగింతను తయారుచేసి, ఆ పాఠాన్ని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చదువుకునే వీలు కల్పించారు. కొరియాలో అటువంటి స్వచ్ఛంద పరిష్కారానికి దారి దాదాపు మూసుకుపోయింది. అక్కడ అడ్డుగా నిలిచింది సంకేతాల తేడా మాత్రమే అయి ఉంటే ప్రోగ్రామర్లు దాటేవారు, కానీ సంతకం చెల్లాలంటే గుర్తింపు పొందిన ధ్రువపత్రమూ, సంస్థలు ఆమోదించిన సాఫ్ట్‌వేరూ ఉండితీరాలి.

కోర్టులో కుదరని మార్పును ఫోన్లు తెచ్చాయి. 2009 నవంబరులో కొరియా మార్కెట్‌లోకి వచ్చిన ఐఫోన్‌లో యాక్టివ్‌ఎక్స్ పనిచేయదు, దానిని కొన్న లక్షలాది మందిని తిప్పిపంపడం ఏ బ్యాంకుకూ సాధ్యం కాదు. 2010లో ప్రభుత్వం మూడు లక్షల వన్‌ల లోపు మొబైల్ చెల్లింపులకు ధ్రువపత్రం నుంచి మినహాయింపునిచ్చింది. 2014 మార్చిలో జరిగిన నియంత్రణల సంస్కరణ సమావేశంలో అధ్యక్షురాలు పార్క్ గెన్‌హే, ఒక కొరియా టీవీ ధారావాహికలోని కథానాయిక ధరించిన కోటును కొనాలనుకున్న చైనా అభిమానులు ధ్రువపత్రం లేక కొనలేకపోతున్నారని ప్రస్తావించిన తర్వాత, ఆన్‌లైన్ కొనుగోళ్లకు ధ్రువపత్రం తప్పనిసరి అన్న నిబంధన అదే ఏడాది తొలగిపోయింది. సొంత పౌరులు ఏళ్లుగా చేసిన విన్నపాలకు కదలని నిబంధన విదేశీ కొనుగోలుదారుల కోసం నెలల్లో కదలడం విచారకరమైన విషయం. ఆ తర్వాత కూడా చాలా సైట్లు యాక్టివ్‌ఎక్స్‌ను తీసేసి, దాని స్థానంలో విడిగా స్థాపించుకోవలసిన ప్రోగ్రాములను పెట్టి సరిపుచ్చాయి.

2020 మేలో జాతీయ అసెంబ్లీ డిజిటల్ సంతకాల చట్టాన్ని సమూలంగా సవరించగా, ప్రభుత్వ గుర్తింపు గల ధ్రువపత్రాల ప్రత్యేక హోదా అదే ఏడాది డిసెంబరు 10న ముగిసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మద్దతు ఉపసంహరించుకుంది. 1999లో చట్టం రాసినవారి ముందు నిజమైన ప్రమాదం ఉంది, వారి నిర్ణయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ ప్రమాదం మరుసటి ఏడాదే తగ్గిపోయాక, నిబంధనను మళ్లీ పరిశీలించే అధికారం ఉండి కూడా దశాబ్దానికి పైగా దానిని యథాతథంగా కొనసాగించిన నియంత్రణ సంస్థలదే ఈ నష్టానికి ప్రధాన బాధ్యత.