కుంగుబాటు మందుల విరమణ లక్షణాలు

కుంగుబాటు మందుల విరమణ లక్షణాలు అనగా మానసిక కుంగుబాటుకు, ఆందోళన రుగ్మతలకు వాడే మందులను హఠాత్తుగా ఆపివేసినపుడు గాని, వాటి మోతాదును త్వరత్వరగా తగ్గించినపుడు గాని శరీరంలోను, మనసులోను కలిగే బాధల సముదాయం. వీటిని ఉపసంహరణ లక్షణాలు అని కూడా అంటారు. ఈ మందులను సాధారణ వ్యవహారంలో యాంటీడిప్రెసెంట్లు లేదా డిప్రెషన్ మాత్రలు అని పిలుస్తారు. ఎక్కువ మందిలో ఈ బాధలు కొద్ది రోజులకో, రెండు మూడు వారాలకో వాటంతట అవే తగ్గిపోతాయి. కొందరిలో మాత్రం నెలల తరబడి ఉంటాయి. వీటిని గుర్తించలేకపోతే పాత వ్యాధి తిరిగి వచ్చిందనో, మరేదో కొత్త జబ్బు పట్టుకున్నదనో పొరపడే ప్రమాదం ఉంది.

లక్షణాలు

అన్నిటికంటె తరచుగా కనిపించేది తల తిరగడం. నడుస్తున్నపుడు తూలినట్లుండటం, వికారం, చెమటలు పట్టడం, తలనొప్పి, నీరసం, జలుబు జ్వరం వచ్చే ముందు ఉండే ఒళ్ళునొప్పులు దీనికి తోడవుతాయి. నిద్ర పట్టదు. పట్టినా నిజమని భ్రమింపజేసేంత స్పష్టమైన కలలు, పీడకలలు వస్తాయి. మనసుకు సంబంధించి చిరాకు, కారణం లేని ఏడుపు, ఆందోళన, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం వంటివి కనిపిస్తాయి.

ఈ మందుల విరమణకు ప్రత్యేకమైనదిగా చెప్పదగిన లక్షణం ఒకటి ఉంది. తలలో క్షణకాలం విద్యుత్ ఘాతం తగిలినట్లు, కరెంటు షాకు కొట్టినట్లు అనిపించడం. కళ్ళను ఒక ప్రక్కకు త్రిప్పినపుడు ఇది ఎక్కువగా తెలుస్తుందని అనేకులు చెబుతారు. చూసేవారికి పైకి ఏమీ కనిపించదు కనుక రోగి మాటను ఇంట్లోవారు నమ్మకపోవడం కద్దు. అనుభవించేవారిని ఇది ఎంతగానో భయపెడుతుంది గాని, దీనివలన మెదడు దెబ్బతింటుందనడానికి ఆధారాలు లేవు. చేతులలోను, పెదవుల చుట్టూ తిమ్మిర్లు, సూదులతో పొడిచినట్లుండటం కూడా ఈ కోవలోనివే.

సాధారణంగా మందు ఆపిన రెండు నుండి నాలుగు రోజులలో ఇవి మొదలవుతాయి. ఫ్లూఓక్సెటిన్ విషయంలో మాత్రం వారాల తరువాత మొదలు కావచ్చు. అప్పటికి మందు మానిన సంగతి మరచిపోయి ఉండే అవకాశం ఎక్కువ. గర్భిణి చివరి నెలలలో ఈ మందులు వాడితే పుట్టిన శిశువులో కొద్ది రోజుల పాటు వణుకు, చిరాకు, పాలు సరిగా త్రాగకపోవడం వంటివి కనిపించవచ్చు. అంతమాత్రాన గర్భిణి భయపడి తనంత తానుగా మందు మానివేయరాదు.

కారణం

మెదడులోని నాడీకణాల మధ్య సమాచారాన్ని మోసే రసాయనాలలో సెరటోనిన్ ఒకటి. పని పూర్తయిన సెరటోనిన్‌ను తిరిగి కణంలోనికి చేర్చుకునే వాహక ప్రోటీన్‌ను ఎస్.ఎస్.ఆర్.ఐ. వర్గపు మందులు అడ్డుకుంటాయి. ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రాలిన్, పారోక్సెటిన్, సిటలోప్రామ్, ఎసిటలోప్రామ్ ఈ వర్గంలోనివి. వారాలు, నెలలు గడిచేకొద్దీ మెదడు ఈ మార్పుకు తగినట్లుగా తన గ్రాహకాలను సర్దుకుంటుంది. మందు ఒక్కసారిగా తొలగిపోతే సర్దుబాటు మాత్రం అలాగే ఉండిపోతుంది. అది వెనుకకు మళ్ళడానికి పట్టే వ్యవధిలో కలిగే ఇబ్బందులే విరమణ లక్షణాలని ప్రధానమైన వివరణ.

ఇందువలననే మందు శరీరాన్ని విడిచిపోయే వేగం ముఖ్యమవుతుంది. రక్తంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. వెన్లాఫాక్సిన్ అర్ధాయువు సుమారు 5 గంటలు, శరీరంలో దాని నుండి తయారయ్యే క్రియాశీల పదార్థానిది సుమారు 11 గంటలు. అందుచేత ఒక పూట మాత్ర మరచిపోయినా కొందరికి తల తిరుగుతుంది. పారోక్సెటిన్‌కు ఇది దాదాపు 21 గంటలు. ఫ్లూఓక్సెటిన్‌కు కొన్ని రోజులు, దాని నుండి తయారయ్యే పదార్థానికి ఇంకా ఎక్కువ. ఒక విధంగా చెప్పాలంటే ఫ్లూఓక్సెటిన్ తనను తానే మెల్లగా తగ్గించుకుంటుంది. 1998లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 242 మందికి 5 నుండి 8 రోజుల పాటు మందుకు బదులు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూడగా, పారోక్సెటిన్ వాడేవారిలో బాధలు ఎక్కువగాను, ఫ్లూఓక్సెటిన్ వాడేవారిలో చాలా తక్కువగాను కనిపించాయి.

వ్యసనమా?

డిప్రెషన్ మాత్రలు అలవాటైపోతాయి అన్న మాట జనంలో బలంగా ఉంది. దీనిని విడమరచి చూడాలి. వ్యసనంలో ఆ పదార్థం కోసం తహతహ, మోతాదును పెంచుకుంటూ పోవడం, హాని జరుగుతున్నా మానలేకపోవడం ఉంటాయి. కుంగుబాటు మందులలో ఇవి ఉండవు. అయితే శరీరం మందుకు అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు. రక్తపోటుకు వాడే క్లోనిడిన్‌ను, ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్లను కూడా ఉన్నపళంగా ఆపకూడదు. వాటిని ఎవరూ వ్యసనం అనరు. వ్యసనం కాదు కనుక ఆపేటపుడు ఏ బాధా ఉండదని రోగికి చెప్పడం కూడా అంతే తప్పు.

వ్యాధి తిరగబెట్టడానికి, విరమణ లక్షణాలకు తేడా

ఈ అంశంలో పొరపాటు జరిగితే నష్టం రెండువైపులా ఉంటుంది. విరమణ బాధలను వ్యాధిగా భావిస్తే అవసరం తీరిన మందును సంవత్సరాల తరబడి వాడవలసి వస్తుంది. నిజంగా తిరగబెట్టిన వ్యాధిని విరమణ బాధగా భావించి ఓర్చుకుంటూ కూర్చుంటే ప్రాణానికే ముప్పు రావచ్చు.

మొదట చూడవలసినది కాలం. విరమణ లక్షణాలు మోతాదు తగ్గించిన కొద్ది రోజులలోనే మొదలవుతాయి. వ్యాధి సాధారణంగా వారాలు, నెలల మీద మెల్లగా తిరిగి వస్తుంది. రెండవది లక్షణాల స్వరూపం. తల తిరగడం, కరెంటు షాకులు, తిమ్మిర్లు, వికారం కుంగుబాటు లక్షణాలు కావు. ఏడుపు, ఆందోళన, నిద్రలేమి రెండింటిలోనూ ఉంటాయి గాని, వాటితో పాటు తల తిరగడం వంటివి కూడా ఉంటే విరమణనే ముందుగా అనుమానించాలి. వ్యాధి మొదటిసారి వచ్చినపుడు ఎలా ఉండినదో రోగికి జ్ఞాపకం ఉంటుంది. ఇప్పటి బాధ అప్పటిదానిని పోలి ఉన్నదా లేదా అన్న ప్రశ్న వైద్యునికి బాగా ఉపయోగపడుతుంది. మూడవది, ఆపిన మందును తిరిగి మొదలుపెడితే విరమణ లక్షణాలు తరచుగా ఒకటి నుండి మూడు రోజులలో తగ్గుముఖం పడతాయి. కుంగుబాటు అంత త్వరగా తగ్గదు. తగ్గడానికి వారాలు పడుతుంది.

ఈ గుర్తులు అన్నివేళలా అంత స్పష్టంగా ఉండవు. రెండూ ఒకేసారి ఉండటం కూడా సాధ్యమే. ఆశ పూర్తిగా నశించడం, బ్రతకాలని లేదన్న ఆలోచనలు కలిగితే అది ఏ కోవకు చెందుతుందన్న చర్చను ప్రక్కనపెట్టి వెంటనే వైద్యుని కలవాలి.

వ్యాధి తిరగబెట్టడం అరుదైన విషయం కాదు. బ్రిటన్‌లో యాంట్లర్ అనే పేరుతో జరిగి 2021లో ప్రచురితమైన పరిశోధనలో, దీర్ఘకాలంగా మందు వాడుతూ ఆరోగ్యంగా ఉండి, మానాలనుకుంటున్న 478 మందిని పరిశీలించారు. సంవత్సర కాలంలో మందు కొనసాగించినవారిలో 39 శాతం మందికి, మెల్లగా ఆపినవారిలో 56 శాతం మందికి వ్యాధి తిరిగి వచ్చింది. ఆపినవారిలో 44 శాతం మందికి రాలేదన్నది కూడా ఇదే లెక్కలోని సంగతి.

ఎంతమందికి వస్తాయి

దీనిపై పరిశోధకులలో తీవ్రమైన అభిప్రాయభేదం ఉంది. 2019లో డేవీస్, రీడ్ అనే బ్రిటిష్ పరిశోధకులు అప్పటి అధ్యయనాలను సమీక్షించి సగటున 56 శాతం మందికి వస్తాయన్నారు. ఆన్‌లైన్ సర్వేలను కూడా కలపడం వలన ఈ సంఖ్య పెరిగిందని విమర్శ వచ్చింది. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వెలువడిన హెన్స్లర్ బృందపు సమీక్ష ప్రకారం మందు ఆపినవారిలో 31 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలో 17 శాతం మందికి బాధలు కలిగాయి. అంటే మందు వలననే కలిగినవి దాదాపు 15 శాతం, ఆరేడుగురిలో ఒకరికి. తీవ్రమైనవి సుమారు 35 మందిలో ఒకరికి. ఈ సమీక్షలోని ప్రయోగాలలో చాలావాటిలో రోగులు మందు వాడినది కొద్ది వారాలో, నెలలో మాత్రమే కనుక, ఏళ్ళ తరబడి వాడినవారికి ఈ లెక్క వర్తించదని మరొక వర్గం వాదన. ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో వాడినవారికి, ఇంతకు ముందు మోతాదు మరచిపోయినపుడు బాధపడినవారికి జాగ్రత్త ఎక్కువ అవసరం అన్న విషయంలో పెద్దగా వివాదం లేదు.

చరిత్ర

తొలి కుంగుబాటు మందులలో ఒకటైన ఇమిప్రమిన్ 1950లలో వాడుకలోకి వచ్చింది. దానిని ఆపినపుడు కలిగే బాధలను గురించి 1959లోనే వైద్యపత్రికలో వ్రాశారు. ఫ్లూఓక్సెటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించిన తరువాత ఈ వర్గపు మందుల వాడకం ప్రపంచమంతటా పెరిగింది. 1996లో ఫీనిక్స్ నగరంలో, ఫ్లూఓక్సెటిన్ తయారీదారైన ఎలి లిల్లీ సంస్థ ఆర్థిక సహాయంతో నిపుణుల సమావేశం జరిగింది. ఉపసంహరణ అన్న మాట మాదకద్రవ్యాలను గుర్తుకు తెస్తుంది కనుక విరమణ లక్షణ సముదాయం అన్న పేరు అప్పటి నుండి స్థిరపడింది. పేరు మెత్తబడటంతో బాధ కూడా చిన్నదన్న భావన వైద్యులలో వ్యాపించిందని తరువాతి విమర్శకులు అన్నారు. ఈ లక్షణాలు స్వల్పమైనవి, వారం రోజులలో పోతాయి అని చెబుతూ వచ్చిన బ్రిటన్ మార్గదర్శకాలను 2019లో సవరించి, కొందరిలో అవి తీవ్రంగాను, దీర్ఘకాలంగాను ఉండవచ్చునని చేర్చారు.

మోతాదు తగ్గించే పద్ధతి

మందు ఎప్పుడు ఆపాలన్నది వైద్యుడు నిర్ణయించాలి. సాధారణంగా వ్యాధి పూర్తిగా తగ్గిన తరువాత కనీసం 6 నెలలు, పలుమార్లు వచ్చినవారికి 2 సంవత్సరాలు లేదా అంతకంటె ఎక్కువ కాలం మందు కొనసాగించమంటారు. గుణం కనబడగానే మానివేయడం వలన వ్యాధి, విరమణ బాధలు రెండూ మీద పడవచ్చు.

తగ్గించడంలో మెలకువ అంతా చివరి భాగంలో ఉంది. 2019లో హొరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు మెదడు చిత్రాల ఆధారంగా దీనిని వివరించారు. సిటలోప్రామ్ 40 మి.గ్రా. తీసుకున్నపుడు మెదడులోని సెరటోనిన్ వాహక ప్రోటీన్లలో సుమారు 86 శాతాన్ని మందు అడ్డుకుంటుంది. 20 మి.గ్రా. వద్ద ఇది సుమారు 80 శాతం. మోతాదు సగానికి తగ్గినా మెదడుకు తెలిసేది కొద్ది మార్పే. కాని 5 మి.గ్రా. వద్ద కూడా ఇది 60 శాతానికి దగ్గరగా ఉంటుంది. అక్కడి నుండి సున్నాకు పోవడమంటే పైమెట్లన్నీ జానెడు ఎత్తున దిగి, చివరి మెట్టును నిలువెత్తు నుండి దూకడం వంటిది. సమానమైన ముక్కలుగా తగ్గించుకుంటూ వచ్చి, సగం మాత్ర దాకా హాయిగా ఉన్నవారు ఆ సగం ఆపగానే ఇబ్బంది పడటానికి ఇదే కారణమని వారి ప్రతిపాదన.

అందుచేత ప్రతిసారీ అప్పటి మోతాదులో కొంత వంతును తగ్గించాలని 2022 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మొదట సగానికి, మోతాదు చిన్నదయ్యేకొద్దీ పావు వంతు చొప్పున తగ్గించవచ్చు. తగ్గించిన తరువాత బాధలు పోయే వరకు లేదా ఓర్చుకోగలిగేంత తగ్గే వరకు ఆ మోతాదుపైనే ఆగి, ఆపైన తరువాతి మెట్టు దిగాలి. కొందరికి ఇది వారాలలోను, మరికొందరికి అనేక నెలలలోను పూర్తవుతుంది. చిన్న మోతాదులకు ద్రవరూప మందులు అనుకూలం. నెదర్లాండ్స్‌లో రోజురోజుకు కొద్దిగా తగ్గే మోతాదులను వరుసగా అమర్చిన ప్రత్యేక పొట్లాలను ఇందుకోసం తయారుచేస్తున్నారు.

రోజు విడిచి రోజు మాత్ర వేసుకోవడం చాలామంది పాటించే పద్ధతి. ఫ్లూఓక్సెటిన్‌కు ఇది సరిపోతుంది. మిగిలినవాటికి తగదు, ఏమంటే మాత్ర లేని రోజున మందు పరిమాణం బాగా పడిపోయి ఒకరోజు విరమణ, ఒకరోజు ఉపశమనంగా నడుస్తుంది. మెల్లగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్రలను విరచడం, నూరడం చేయరాదు.

బాధలను తట్టుకొనుట

బాధలు స్వల్పమైతే అవి ఎందుకు కలుగుతున్నాయో తెలిసి ఉండటమే సగం బలం. తీవ్రమైతే వైద్యుని సలహాతో అంతకు ముందరి మోతాదుకు తిరిగి వెళ్ళి, కుదుటపడిన తరువాత ఇంకా చిన్న అంచెలలో తగ్గించాలి. ఇది ఓటమి కాదు, చికిత్సలో భాగమే. కొందరికి వైద్యులు ముందుగా ఫ్లూఓక్సెటిన్‌కు మార్చి, తరువాత దానిని తగ్గిస్తారు.

మోతాదు తగ్గించిన తేదీ, ఆ రోజు కలిగిన బాధ, నిద్రపోయిన గంటలు ఒక పుస్తకంలో వ్రాసుకోవడం మేలు. వ్యాధికి, విరమణకు తేడా తేల్చడంలో వైద్యునికి ఇంతకు మించిన ఆధారం దొరకదు. పరీక్షలు, ఇంట్లో పెళ్ళి, ఉద్యోగం మారడం వంటి ఒత్తిడి సమయాలలో తగ్గించడం మొదలుపెట్టకపోవడం మంచిది. తల తిరుగుతున్న రోజులలో ద్విచక్ర వాహనం నడపరాదు. మద్యం నిద్రను, మనఃస్థితిని మరింత చెడగొడుతుంది. కుటుంబంలో ఒకరికైనా విషయం చెప్పి ఉంచాలి, ఏమంటే చిరాకు, ఏడుపు ముందుగా కనిపించేది వారికే.

వ్యాధి తిరగబెట్టకుండా మాటల ద్వారా చేసే చికిత్స కూడా తోడ్పడుతుంది. 2015లో ప్రచురితమైన బ్రిటిష్ పరిశోధనలో 424 మందిని రెండేళ్ళు పరిశీలించగా, ధ్యానంతో కూడిన ఆలోచనా చికిత్స పొందుతూ మందు తగ్గించుకున్నవారిలో 44 శాతం మందికి, మందు కొనసాగించినవారిలో 47 శాతం మందికి వ్యాధి తిరిగి వచ్చింది.

భారతదేశంలో

ఈ మందులను వైద్యుని చీటీపైనే అమ్మాలని చట్టం చెబుతున్నా పాత చీటీ చూపి సంవత్సరాల తరబడి కొనుక్కోవడం, ఊరు వెళ్ళినపుడు దొరకక ఆగిపోవడం మామూలే. ఎసిటలోప్రామ్ ఇక్కడ 5, 10, 20 మి.గ్రా. మాత్రలుగా దొరుకుతుంది.

ఇక్కడివారు ప్రత్యేకంగా గమనించవలసినది, ఎసిటలోప్రామ్‌ను, క్లోనజెపామ్‌ను కలిపి ఒకే మాత్రగా విరివిగా వాడటం. క్లోనజెపామ్ మరొక వర్గానికి చెందిన మందు. దీర్ఘకాలం వాడి హఠాత్తుగా ఆపితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది, వ్యసనంగా మారే స్వభావం కూడా దానికి ఉంది. అటువంటి మాత్ర వాడేవారు ఒక మందును కాదు, రెండింటిని ఆపుతున్నామని తెలుసుకోవాలి. మాత్రల అట్టపై మందుల అసలు పేర్లు ముద్రించి ఉంటాయి. రెండింటినీ విడదీసి ఒకదాని తరువాత ఒకటిగా తగ్గించే ప్రణాళికను వైద్యుడు వేస్తాడు.

హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నం చినవాల్తేరులోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.